ముసలామెను ఎత్తుకుపోయిన సుకుమారి

సుకుమారి వేలిముద్ర కోసం ముసలామెను ఎత్తుకుపోయిందని మా ఊళ్ళో అంటారు. పాలకేంద్రం దగ్గర అంటారు, ఉదయగిరి బస్సులోనూ అంటారు. మొన్న నా పక్క సీట్లో కూర్చున్నామె వెనక్కి తిరిగి ఇంకొకామెతో చెప్పింది: "ఇల్లూ తోటా ఆ ముసలిదానివేనంట. దాన్ని ఆటోలో వేసుకొని పోయింది. దుత్తలూరు పక్కన యాడో దాచిపెట్టి, కూడు పెట్టకుండా ఏడిపించి రాయించుకుంటా ఉండాదంట." నాది సుకుమారి పక్కిల్లేనని ఆమెకు తెలియదు. నలుగురిలో నాకు నోరు పెగలదు. కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను.

సుకుమారి పుట్టిల్లు దుత్తలూరు దగ్గర. బాప్టిస్టు కుటుంబం, వాళ్ళ నాయన చర్చిలో గంట కొట్టేవాడు. ఆయన పోయాక ఆమె పెళ్ళి సంగతి అన్నతో సహా ఎవరూ పట్టించుకోలేదు. కలిగిరిలో పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళేది. మా ఊరి మాలకొండయ్య పొగాకు బేళ్ళు వేసుకుని అక్కడికి వచ్చేవాడు. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. ఒక ఏడు అమ్మకాలు ముగిశాక సుకుమారిని వెంటబెట్టుకుని ఊరికి వచ్చాడు.

వాకిట్లో తల్లి నాగులమ్మ అడ్డంగా కూర్చుంది. "ఉంచుకుంటే ఉంచుకో. నా కండ్ల ముందర మాత్రం దానికి తాళి కట్టబాకు" అంది.

మాలకొండయ్య తల్లి మాట కాదనలేదు. ఆయన బాప్తిస్మం తీసుకుంటే తప్ప పెళ్ళి చేయనని అటు పాస్టరుగారు అన్నారు. "అమ్మ పోయినాక రిజిస్టరు పెండ్లి చేసుకుందాంలే" అని మాలకొండయ్య తల్లి వింటుండగానే అనేవాడు.

"అయితే నేను నూరేండ్లు ఉంటా" అని నాగులమ్మ లోపలి నుంచి అనేది. ముగ్గురూ నవ్వేవాళ్ళు. అలా పదహారేళ్ళు జరిగిపోయాయి.

ఆ ఏళ్ళలోనే అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. తమ్ముడు పెంచలప్రసాద్ తన భాగం అమ్ముకుని ఆత్మకూరులో ఎరువుల అంగడి పెట్టాడు. మాలకొండయ్య నిమ్మతోట వేశాడు, పాత పెంకుటిల్లు తీసి రెండు గదుల స్లాబు ఇల్లు కట్టాడు. ఆ గోడలకు పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పట్టింది సుకుమారి. నిమ్మముళ్ళు గీరుకుని ఆమె మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రటి చారలే. ఇల్లు, తోట మాత్రం ఆయన పేరు మీదే ఉన్నాయి. వేరే పేరు ఎక్కించాలని ఇద్దరికీ తోచలేదు.

నాగులమ్మ మొదట్లో ఆమె చేతి నీళ్ళు తాగేది కాదు. తన కుండ తానే తెచ్చుకునేది. తుంటి విరిగి మంచాన పడ్డాక అది సాగలేదు. సుకుమారి ఆమెను అత్తా అని ఎప్పుడూ పిలవలేదు. ఊరి పిల్లలు పిలిచినట్టు అవ్వా అనేది. అన్నం వేళకు వాళ్ళ మాటలు మా వంటింట్లోకి వినపడేవి.

"ఉప్పెయ్యలేదే."

"వేస్తే కాళ్ళు వాచినాయంటావు. నోరు మూసుకొని తిను అవ్వా."

"నోరు మూసుకొని ఎట్ట తినేది?"

పోయిన ఎండాకాలం తోటలో బోరు దగ్గర స్టార్టరు షాకు కొట్టి మాలకొండయ్య చనిపోయాడు. తల్లి పోయాక పెళ్ళి అనుకున్నవాడు తల్లి కంటే ముందు పోయాడు.

పెద్దకర్మ రోజు ఆడవాళ్ళంతా పెరట్లో చేరారు. పోయినవాడి భార్యకు ఆ రోజు గాజులు తీస్తారు. ఎవరికి తీయాలో ఎవరికీ తెలియక గుసగుసలాడుతుంటే సుకుమారి తానే వచ్చి పీట మీద కూర్చుని రెండు చేతులూ చాచింది.

పెంచలప్రసాద్ అడ్డం వచ్చాడు. "ఏంది ఇది? గాజులు తీసేది పెండ్లానికి. మా అన్న పెండ్లాం పోయి శానా ఏండ్లయింది."

"ఆయన తెచ్చిన గాజులే గదా ప్రసాదూ. తియ్యమను."

"ఆయన నీకేమవుతాడని తియ్యమనేది?"

ఆమె చేతులు అలాగే చాచి ఉంచింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే భోజనాల వైపు జరిగారు. పెరడు ఖాళీ అయ్యాక ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. వారం తిరక్కుండా, "మనిషి పోయినా గాజులు తియ్యలేదు చూడు, ఎంత కులాసో" అన్నది కూడా ఆ ఆడవాళ్ళే.

ఇల్లు ఉంటుందో పోతుందో అడగడానికి సుకుమారి ఆత్మకూరులో దయాసాగర్ అనే వకీలు దగ్గరికి వెళ్ళింది. ఇంటరు మధ్యలో మానేసినా నాలుగు ముక్కలు చదివినదాన్నని నన్ను తోడు తీసుకెళ్ళింది.

"పెళ్ళి ఎక్కడ జరిగిందమ్మా?"

"జరగలేదు సార్."

"జరిగిందని ఎవరితోనైనా చెప్పుకున్నారా?"

"లేదు సార్. ఎవరడిగినా ఉన్నదే చెప్పినాం."

వకీలు పెన్ను కింద పెట్టాడు. చాలాకాలం మొగుడూ పెళ్ళాల్లా బతికితే పెళ్ళి అయినట్టే కోర్టు అనుకోవడానికి వీలుందన్నాడు. కానీ అలా బతికారని ఊరు సాక్ష్యం చెప్పాలి. "పెద్దకర్మనాడు నీకు గాజులు తీసినారా?" అని అడిగాడు.

"తియ్యనియ్యలేదు సార్."

మతాలు వేరు కావడం ఇంకో చిక్కు అన్నాడు. చివరికి తేల్చి చెప్పిందేమంటే, భార్యాబిడ్డలు లేని మనిషి ఆస్తి తల్లికే పోతుంది. తల్లి ఉండగా తమ్ముడికి కూడా హక్కు లేదు.

"ఆ తల్లి యాడుండాది?"

"మా ఇంట్లోనే సార్. కూడు పెట్టేది నేనే."

"మరింకేం. కారు మాట్లాడుకొని ఆమెను తీసుకొనిరా. నీ పేరున రాసి వేలిముద్ర వేస్తే కోర్టు మెట్లెక్కే పని లేదు. ఆలస్యం చెయ్యబాకు. ఆ తమ్ముడికీ ఈ మాట ఎవరో ఒకరు చెప్తారు."

తిరుగు బస్సులో నేను నోరు విప్పాను. "ఇంటికి పోంగానే అవ్వను అడుగక్కా."

"అడగను."

"ఎందుకక్కా?"

"కూడు పెట్టే చేత్తో అడిగితే ఆమె కాదనలేదు. కూటి కోసం రాసిచ్చిందని నాకు ఎప్పటికీ ఉంటది. పదహారేండ్లు చూసిన మనిషికి తెలీదా ఏంది? ఆమె నోటితో రావాల."

నాగులమ్మ నోటితో ఆ మాట రాలేదు. సుకుమారి అడగలేదు. వేళకు కంచం తీసుకెళ్ళడం, ఉప్పు గురించి పోట్లాడుకోవడం యథాప్రకారం నడిచాయి. మధ్యలో ఒకరోజు పెంచలప్రసాద్ కారు తెచ్చి, కంటి ఆస్పత్రిలో చూపిస్తానని తల్లిని ఆత్మకూరు తీసుకెళ్ళి సాయంత్రానికి తెచ్చి దించాడు.

నిమ్మకోతలు మొదలైనప్పుడు అతను మళ్ళీ వచ్చాడు. చేతిలో తాళం ఉంది. "ఇల్లూ తోటా నా పేరు మీద రిజిస్టరైనాయి. నెలాఖరుకు ఖాళీ చెయ్యి" అన్నాడు.

సుకుమారి ఆశ్చర్యపోలేదు. "అవ్వ సంగతేంది?" అంది.

"మా ఇల్లు మేడ మీద. మెట్లు ఎట్ట ఎక్కిస్తాం? ఏదన్నా ఆశ్రమం చూస్తా. అందాకా ఈడనే ఉండనీ, కూడుకు ఎవరినన్నా మాట్లాడతా."

మాటలు మంచం దగ్గరికి వినపడుతూనే ఉన్నాయి.

నెలాఖరు దాకా కూడు పెట్టే మనిషి ఎవరూ రాలేదు. ఖాళీ చేసే రోజు సుకుమారి ఒక పెట్టె, గ్యాసు పొయ్యి, మాలకొండయ్య దుప్పటి ఆటోలో పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళి ముసలామె వీపు కింద చెయ్యి వేసింది. నేను కాళ్ళు పట్టుకున్నాను.

"యాడికే?"

"మా అన్న ఇంటికి. చర్చి పక్కనే. గంట కొడితే ఉలిక్కిపడబాకు."

"నన్నెందుకే మోసేది?"

"నోరు మూసుకొని మెడ పట్టుకో అవ్వా."

వాకిట్లో నిలబడి చూసినవాళ్ళు ఆ సాయంత్రమే వేలిముద్ర మాట పుట్టించారు.

కంటి ఆస్పత్రి అని తీసుకెళ్ళిన రోజు సాయంత్రం, నాగులమ్మను దించి కారు వెళ్ళిపోయాక నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ముసలామె కళ్ళలో చుక్కలు వేసిన గుర్తు లేదు, మందులు లేవు. ఎడమ బొటనవేలు నల్లగా ఉంది. సుకుమారి ఆ చెయ్యి ఎత్తి చూసింది.

"ఏంది ఇది?"

"పింఛనుకు అన్నాడు."

"పింఛనుకు మిషన్లో వేలు పెట్టిస్తారు. సిరా పూయరు."

నాగులమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. "నాకు తెలుసులే. మిగిలింది వాడొక్కడే గదా" అంది.

సుకుమారి ఆ చెయ్యి వదల్లేదు. కాసేపటికి లేచి కొబ్బరినూనె, పాత గుడ్డపేలిక తెచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. సిరా పోయేదాకా ఆ వేలు తుడిచింది. గోటి అంచున కొంచెం మిగిలిపోయింది. తరువాత చేతులు కడుక్కుని అన్నం కలపడానికి వెళ్ళింది.