లింబాద్రి చూసిన పందికొక్కులు

లింబాద్రి పేరెత్తితే మా తోటలో అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వాళ్ళకు నేర్పింది నేనే. కాబట్టి అతని సంగతి చెప్పాల్సింది కూడా నేనే. ఇంకెవురు చెప్పినా నా పేరు కొంచెం తగ్గించి చెప్తారు, అది నాకిష్టం లేదు.

నన్ను అల్లాబకాష్ అంటారు. మాది ప్రొద్దుటూరు పక్క. 1978 నుంచి పదేళ్ళు అల్ ఐన్ దాటినాక, కొండల అంచున, ఒక అర్బాబు తోటలో వంటవాణ్ణి. అర్బాబంటే యజమాని. ఊళ్ళోవాళ్ళకి ఏ అరబ్బు ఊరైనా దుబాయే. ఖర్జూరం చెట్లు, పశువుల గడ్డి మళ్ళు, ఒక జింకల దొడ్డి, నాలుగు నెమళ్ళు, నడిమధ్య పెద్ద మడుగు. పక్కన కొండవాగుకు బుల్డోజరుతో మట్టికట్ట అడ్డం పోసి చేసిన మడుగది. అక్కడ వాగును వాది అంటారు. వాదిలో నీళ్ళు వచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, తక్కిన రోజులంతా బోరు నీళ్ళే. కట్ట కింద పల్లంలో మోటారు గుంత ఉండేది.

లింబాద్రి 1980లో వచ్చినాడు. ఆర్మూరు దిక్కు మనిషి. అంతకుముందు రెండేళ్ళు దుబాయ్ ఊళ్ళో, డేరా అనే పేటలో, బిల్డింగు పనుల్లో ఇటుకలు మోసినాడు. పొట్టిగా ఉంటాడు, అడిగితే తప్ప మాట్లాడడు. వాళ్ళ నాయన ఊరి నీరటి. చెరువు కట్ట కాపలా కాసేది, తూము తెరిచేది, మూసేది, ఏ మడికెన్ని నీళ్ళో పంచేది నీరటి. నాయన తర్వాత ఆ పని లింబాద్రిదే. వచ్చిన రోజే చెప్పులు విడిచి కట్ట మీద ఆ కొసదాకా నడిచి వచ్చినాడు.

“ఏం సామీ, మొక్కుబడా?” అన్నా నేను.

“అరికాలుకు తెలుస్తది భాయ్, కట్ట యాడ మెత్తగున్నదో.”

నాకు అప్పుడే నవ్వొచ్చింది. ఈ ఎడారిలో నీరటేంది, నీ అరికాలేంది అనుకున్నా.

ఏడాది తిరిగేసరికి బామ్మర్ది భోజన్నను కూడా పిలిపించుకున్నాడు. లింబాద్రి పెళ్ళాం ఐలవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే ఐలవ్వే పెంచింది. విమానం ఎక్కేముందు, “నీ చేతుల పెడ్తున్న, మల్ల నా చేతుల పెట్టు” అని మొగుడికి చెప్పి పంపిందంట. భోజన్న బలే హుషారు మనిషి. మోటారు పని వాడిది. నేను జోకేస్తే ముందు నవ్వేది వాడే, అందుకే వాడంటే నాకు ప్రాణం.

1981 చలికాలంలో మడుగు దగ్గర ఏడుపు మొదలైంది. పొద్దు గూకే మగ్రిబ్ నమాజు వేళకి, తుంగలోంచి, అచ్చం పసిబిడ్డ ఏడ్చినట్టు. ఆగుతుంది, మళ్ళీ మూలుగుతుంది. జిన్ను అన్నారు కొందరు, షైతాను అన్నారు కొందరు. పొద్దు గూకితే అటుపక్క పోయేవాడే లేడు. లింబాద్రి పోయినాడు. మోకాలి లోతు నీళ్ళలో దిగి, తుంగ పక్కకు తోసి చూసినాడు. తడిసిన లుంగీతో నేరుగా నా వంటింటికి వచ్చినాడు.

“బిడ్డా లేదు, దయ్యం లేదు భాయ్. పిల్లి కంటె పెద్ద జానవారు. ఎనుకకాళ్ళకు బాతు లెక్క తోలున్నది. తోక మాత్రం ఎలుక తోకనే. నోట్లె పండ్లు జూస్తివా, కాషాయమే కాషాయం! అది నీళ్ళ పందికొక్కు. గిది కట్ట కింద బుంగలు వెడ్తది.”

పండ్ల రంగు చెప్తానే నాకు తెలిసిపోయింది. అతను రాకముందు అర్బాబు ఎక్కడో దూరదేశం నుంచి ఓడలో ఒక పెట్టె తెప్పించినాడు, పిల్లలకి చూపించేదానికి. దాంట్లో ఇవే ఉండాయి, ఆడా మొగా రెండు. నా చేత్తోనే క్యారెట్లు పెట్టినా. ఒకరోజు బోను తలుపు గొళ్ళెం వేయడం మరిచిపోయినా. పొద్దున్నే చూస్తే బోను ఖాళీ. కుక్కలు తినేసినాయని అర్బాబుకు చెప్పినా. ఆయన నమ్మినాడు. ఇప్పుడవి బతికే ఉండాయంటే నా అబద్ధం కూడా బతికే ఉన్నట్టే కదా. అందుకని, “ఏదో ఎలుకలే, పోయి లుంగీ మార్చుకో” అన్నా.

మర్నాడు మధ్యాహ్నం తిరిగినాక, అసర్ నమాజు వేళకి లింబాద్రి తనే ముదీర్ దగ్గరికి పోయినాడు. మా ముదీర్, అంటే మేనేజరు, పెషావరు పఠాను. నమాజు తప్పని మనిషి. అప్పుడే మడుగు మెట్ల మీద కూర్చుని, నమాజు ముందర కాళ్ళూ చేతులూ మొహం కడుక్కునే వజూ చేసుకుని, తడి చేతులు దులుపుకుంటా లేస్తాండాడు. లింబాద్రికి హిందీ అంతంత మాత్రం. పందికొక్కును హిందీలో ఏమంటారో తెలీదు. పాపం మాటను రెండు ముక్కలు చేసి, పందికి సువ్వర్ అని, కొక్కుకు చూహా, అంటే ఎలుక అని, ఏ ముక్కకాముక్క అనువాదం చేసినాడు.

“ముదీర్ సాబ్, పానీమే సువ్వర్ హై. సువ్వర్ చూహా. బహుత్ హై.”

అయ్యో దేవుడా! వజూ చేసుకున్న నీళ్ళలో పంది ఉండాదంటే పఠానుకు ఎట్లుంటాది? మొగం ఎర్రబడింది. చెంప ఛెళ్ళుమంది. “ఇసీ పానీసే మై వజూ కర్తా హూఁ! ఇంకోసారి ఆ మాట నోట్లోంచొస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తా” అని అరిచినాడు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడుండా. ఉర్దూ నా తల్లి మాట. పందికొక్కంటే పంది కాదు సాబ్, ఒక రకం పెద్ద ఎలుక, కట్టలు తవ్వుతాది అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. నేను నవ్వినా.

నవ్వి ఊరుకున్నానా? ఆ పూట భోజనాల కాడ ముదీర్ ఎట్ల ఎగిరినాడో, లింబాద్రి ఎట్ల చెంప పట్టుకున్నాడో ఆడి చూపించినా. అందరూ పొట్ట పట్టుకున్నారు, భోజన్నైతే పొలమారి దగ్గినాడు. ఆ పొద్దు నుంచి లింబాద్రి పేరు పోయి సువ్వర్ చూహా అయింది. అతను పళ్ళెం కడుక్కుని లేచిపోయినాడు.

మాట మానేసినాడు గానీ చూడడం మానలేదు. తెల్లవారి ఫజ్ర్ నమాజు కాకముందే ఒకసారి, మగ్రిబ్ వేళ ఒకసారి కట్ట చుట్టూ తిరిగేవాడు. బుంగ కనపడిన చోటల్లా ఒక ఖర్జూరం మట్ట గుచ్చేవాడు. రాళ్ళు కుక్కి మట్టి తొక్కేవాడు. అవి పక్కన ఇంకోటి తవ్వేవి. ఒక శుక్రవారం వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడినాడు.

“భాయ్, నా నోట్లె ఉర్దూ లేదు, నీ నోట్లె ఉన్నది. ఒక్కపాలి చెప్పు. పదకొండు బుంగలైనయ్. వాన వడితె కట్ట నిలువది. కింద గుంతల మా భోజన్న ఉంటడు.”

“రేపు చెప్తాలే” అన్నా. ఆ రోజు అర్బాబు చుట్టాలొస్తున్నారు, బిర్యానీ పని ఉండింది. అది నిజమే. కానీ ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు ఏ బిర్యానీ లేదు. ప్రతి శుక్రవారం వచ్చి గడప దగ్గర ఊరకే నిలబడేవాడు. అడిగేవాడు కాదు. నేను ఉల్లిగడ్డలు తరుగుతా తలెత్తకుండా, “రేపు” అనేవాణ్ణి.

ఫిబ్రవరిలో వాన పడింది. రెండు రోజులు వదలకుండా పడింది. వాది ఎర్రగా పారి మడుగు నిండింది. మూడో రోజు పొద్దున పది గంటలకు ఎండ కూడా వచ్చింది. మోటారు గుంతలో నీళ్ళు ఊరుతుంటే, మోటారు పైకి తీయమని ముదీర్ భోజన్నకు చెప్పినాడు. లింబాద్రి పరిగెత్తుకొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు బామ్మర్దీ, దిగకు. కట్ట మెత్తగైంది.”

“ఏం బావా, సువ్వర్ చూహాలొస్తయా?” అన్నాడు భోజన్న నవ్వుతా. చెయ్యి విడిపించుకుని దిగినాడు.

నేను వంటింటి గుమ్మంలోంచి విన్నా. ఆ మాట నాది. నా నోట్లో పుట్టిన మాట.

కట్ట తెగేటప్పుడు పెద్ద చప్పుడేం రాలేదు. కొంచెం జారింది, ఆగింది, మళ్ళీ మొత్తం కూలి గుంత మీద పడింది. లింబాద్రి పార కూడా తీసుకోలేదు, చేతులతోనే తవ్వినాడు. మేమందరం తవ్వినాం. భోజన్న దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. తెగిన కట్టలో బుంగలు గొట్టాల మాదిరి బయటపడినాయి. మిగిలిన కట్ట మీద రెండు జానవార్లు కూర్చుని, కాషాయం పండ్లతో తుంగ గడ్డలు కొరుక్కుంటాండాయి. మమ్మల్ని చూసి భయపడను కూడా లేదు. ముదీర్ వాటిని చూసి అట్లే నిలబడిపోయినాడు.

సాయంత్రం ఉర్దూ తెలిసిన పోలీసు ఆఫీసరు వచ్చినాడు. లింబాద్రి మాటలు ఉర్దూలో చెప్పేదానికి నన్ను పిలిచినారు. ముదీర్ నా వెనకాలే నిలబడినాడు.

“కట్ట కింద బొక్కలున్నట్టు ముందే ఎవరికైనా తెలుసా, అడుగు” అన్నాడు ఆఫీసరు.

అడిగినా. లింబాద్రి గోళ్ళు ఊడిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నిదానంగా చెప్పినాడు. “ముదీర్ సాబ్‌కు చెప్పిన, కొట్టిండు. బకాష్ భాయ్‌కి చెప్పిన, నెల దినాలాయె. రేపు రేపన్నడు.”

ఆఫీసరు కలం పట్టుకుని నా వైపు చూస్తాండాడు. నాకు వీసా గుర్తొచ్చింది, బోను గొళ్ళెం గుర్తొచ్చింది. “సాబ్, ఇస్కో భీ మాలూమ్ నహీ థా. కిసీకో మాలూమ్ నహీ థా” అన్నా, ఇతనికీ తెలీదు, ఎవురికీ తెలీదని.

మాలూమ్ నహీ అనే మాట దుబాయ్‌లో దిగిన ప్రతి కూలీ మొదటిరోజే నేర్చుకుంటాడు. లింబాద్రికి అర్థమైంది. నా వైపు ఒక్కసారి చూసినాడు. ముదీర్ చూపించిన చోట కాగితం మీద వేలిముద్ర వేసి, శవంతో పాటు ఇంటికి పోయినాడు, మళ్ళీ రాలేదు.

తర్వాత పశువుల డాక్టరొచ్చి వాటి పేరు నూట్రియా అని చెప్పినాడు. తుపాకీతో పద్నాలుగింటిని కొట్టి చంపినారు, తుంగంతా కోసి తగలబెట్టినారు. అయినా మగ్రిబ్ వేళకి ఆ ఏడుపు నాకు వినపడతానే ఉండింది. మీకు వినపడలేదా అని అడిగితే మనుషులు నన్ను వింతగా చూసేవాళ్ళు. ఆరేళ్ళు రేడియో గట్టిగా పెట్టుకుని వంట చేసినా. ప్రొద్దుటూరు తిరిగొచ్చినా పోలేదది. ఇంట్లో మనవరాలు ఏడిస్తే ఎత్తుకోకుండా వీధిలోకి పోతా. మా ఆవిడ తిడతాది. ఏమని చెప్పేది?

1988లో ఇంక తట్టుకోలేక ఆర్మూరు బస్సెక్కినా. లింబాద్రి ఇల్లు అడిగితే ఊళ్ళోవాళ్ళే చూపించినారు, ముఖం చిట్లించి. నీరటి పని అతని దగ్గర తీసేసినారంట. కళ్ళెదుట కట్టకు అన్ని బుంగలుంటే తెలుసుకోలేనోడికి ఊరి చెరువు ఎట్ల అప్పజెప్తామన్నారంట. శవంతో వచ్చిన కాగితాలు ఎవురో చదివి చెప్పినారు. తనకేం తెలియదని అతనే చెప్పినట్టు, కింద అతని వేలిముద్ర. లింబాద్రి మొత్తుకున్నాడంట. నీ ఏలు కాదా ఇది అన్నారంట.

ఐలవ్వ చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. మొగుడికి పెట్టలేదు. ఆరేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవని అప్పుడే తెలిసింది. లింబాద్రి అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. తల మొత్తం నెరిసిపోయింది.

“భాయ్, నువ్వు గాడనే ఉంటివి గద. గీయిన ముందుగాల చెప్పిన అంటడు, కాయితమేమొ తెల్వదన్నడంటది. నా తమ్ముని మీద ఒట్టేసి చెప్పు. గీయినకు తెలుసా, తెల్వదా?”

నేను చాయ్ గ్లాసు పక్కకు జరిపినా.

“తెలుసమ్మా” అన్నా. “ముదీర్‌కి చెప్పినాడు, దెబ్బ తిన్నాడు. నాకు చెప్పినాడు. నెల రోజులు వచ్చి నా గడప దగ్గర నిలబడినాడు. ఆ కాగితంలో మాట లింబాద్రిది కాదు, నాది.”

ఐలవ్వ నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

“నెల దినాలు నువ్వేం జేసినవ్ భాయ్?”

“వంట చేసినానమ్మా” అన్నా.