గోంగూరకు వచ్చిన అపవాదు

మందుగా గంజాయి వాడితే నేరం కాకూడదని కాలేజీ సభలో మాట్లాడినప్పటి నుంచి గుణదలలో నా పేరు గంజాయి మేరీ. ఈ రోజు మా ఇంటి ఓనరు కాంతమ్మగారు పెరట్లో నేను వేసిన మొక్కలు చూసి, గంజాయనుకుని గది ఖాళీ చేయమన్నారు. ఈ పేరుతో నాకు ఇంకెవరూ గది ఇవ్వరు. ఇది పోతే చదువు మానేసి కంకిపాడులో అమ్మతో పాటు నాట్లు వేయాల్సిందే.

"గోంగూరండీ!" అన్నా నమ్మలేదు. ఒక ఆకు తుంచి నమిలి, ఇంకొకటి ఆవిడకిచ్చాను.

"మత్తెక్కి పడిపోతే మా ఆయనకి అన్నం ఎవరు పెడతారే?" అంటూనే నాలిక మీద పెట్టుకున్నారు. పులుపుకి ముఖం ముడుచుకుపోయింది. "నీ పుణ్యమా అని గోంగూర కూడా గంజాయిలా కనబడుతోందే!" అని పడీపడీ నవ్వారు. పచ్చడికని ఒడినిండా కోసుకున్నారు.

అయినా, ఇక సభల్లో నోరెత్తనంటేనే గదిలో ఉండొచ్చట. ఆదివారం చల్లపల్లి సభకు నిన్ననే ఒప్పుకున్నాను. ఆవిడకు ఎలా చెప్పాలో మీరే చెప్పండి.