పురిటి మైలలో ఇచ్చిన పాస్

ఫుట్‌బాల్‌లో మధ్యన ఉండి హాఫ్ ఆడేవాడి బతుకు పెళ్లింట్లో వంటవాడి బతుకే. కూర బాగుంటే పెళ్లివారిని మెచ్చుకుంటారు, ఉప్పెక్కువైతే వంటవాణ్ణి వెతుకుతారు. కుర్రతనమంతా నేను ఆడింది ఆ హాఫే. సముద్రపొడ్డున ఇసకలో నేర్చుకున్న ఆట మాది. ఇసకలో బంతి సరిగ్గా దొర్లదు కాబట్టి పైకెత్తి వెయ్యడం బాగా అలవాటైంది. వెనకనుంచి బంతి తెచ్చి ముందున్నవాడి కాలి దగ్గర పడేసేవాణ్ణి. ఆ ముందున్నవాడు మా మేనమామ కొడుకు. నాకన్నా చిన్నవాడు, నన్ను బావా అంటాడు. గోల్స్ వాడివి, ఆయాసం నాది.

మా ఊరి పోటీలకు ఒక ఆచారం ఉంది. ఫైనల్లో గెలిపించే గోలు కొట్టినవాడికి ఆ రోజు వలలో పడ్డ పెద్ద కోనెం చేప ఇస్తారు. వాడు దాన్ని భుజాన వేసుకుని గంగమ్మ గుడికి మోసుకెళ్లి అమ్మవారి ముందు పెట్టాలి. ఆ తర్వాతే జట్టంతా వండుకు తింటుంది.

ఆ ఏడు ఫైనల్ చూడటానికి విజయనగరం వైపున్న ఒక ఫ్యాక్టరీ నుంచి ఆఫీసరొచ్చాడు. వాళ్ల జట్టుకు ఒక్క ఆటగాడు కావాలట. ఆట బాగుంటే ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసం నేనెంత ఆశపడ్డానో చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. పడవెక్కితే నాకు పేగులు నోట్లోకొచ్చేవి. చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టి సముద్రమంటే హడలిపోయేవాణ్ణి. నాకు నేలమీద పని కావాలి, అంతే.

సరిగ్గా ఆ వారమే మా వదిన ప్రసవించింది. మా ఇంటిపేరు వాళ్లందరికీ పురిటి మైల. ఆడొచ్చుగానీ అమ్మవారి గడప తొక్కకూడదు. నాన్నేమో వేటకెళ్లి సముద్రం మీద ఉన్నాడు. పొద్దున్నే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒరే, ఆడితే ఆడు గానీ గోలు మాత్రం కొట్టకు. మైల సేత్తో అమ్మోరి సేప ముట్టుకుంటే మీ నాన్న తిరిగొస్తాడేటి?"

ఆట ఆఖరికొచ్చింది. రెండు జట్లూ సమానం. బంతి నా కాళ్ల దగ్గరుంది, వాళ్ల గోలీ బోర్లా పడిపోయాడు, ఎదురుగా గోలు ఖాళీ. ఊరికే తంతే చాలు. నాకు నాన్న గుర్తొచ్చాడు. పక్కనున్న మేనమామ కొడుక్కి బంతి తోశాను. వాడిది వేరే ఇంటిపేరు, వాడికి మైల లేదు. వాడు కాలు ఆనించాడు.

ఊరు వాణ్ణి ఎత్తుకుంది, చేప వాడి భుజమెక్కింది. ఆఫీసరు చూసిందీ ఆ చేపనే. ఆ పాస్ వెనక పురుడుందని పట్నం మనిషికి చెప్పేదెవరు? సొమ్మొకడిది, సోకొకడిది. ఉద్యోగం వాడికొచ్చింది. సాయంత్రం నాన్న క్షేమంగా ఒడ్డుకొచ్చాడు. "సూసినావా, అమ్మోరి దయ" అంది అమ్మ. గోలు కొట్టొద్దని గంగమ్మ నన్నెప్పుడూ అడగలేదు. ఆవిడ పేరు చెప్పి మనుషులే అడిగారు. ఆ కోపం నాకింకా పోలేదు.

వాంతులు చేసుకుంటూనే కొన్నాళ్లు వేటకెళ్లాను. తర్వాత అరసవల్లిలో ఒక లాడ్జిలో తాళాలిచ్చే పనిలో కుదిరాను. ఇప్పటికీ అదే పని.

మొన్న మా ఊరి కుర్రాళ్లు మేనమామ కొడుక్కి సన్మానం పెట్టారు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. ఇవాళైనా చెబుతాడని వెళ్లాను, ఇంకెందుకూ కాదు. మైకులో వాడు తల్లిదండ్రులకు దణ్ణం పెట్టాడు, గంగమ్మకు పెట్టాడు, ఆఫీసరుకూ పెట్టాడు. ఫైనల్ గోలు దగ్గరికొచ్చేసరికి "ఆ బంతి నా కాలికి ఎలాగొచ్చిందో అమ్మోరికే ఎరుక" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక వాడింట్లో నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"బావా, ఆ బంతి నువ్విచ్చిందే. నేను మర్సిపోనేదు."

"మరి మైకులో సెప్పడానికి నీకేటి రోగంరా?"

వాడు శాలువా మడతపెట్టుకుంటూ తల దించుకున్నాడు.

"సెప్తే ఆ ఉద్యోగం నీదని నా పిల్లలకి తెలిసిపోతాది కదా బావా."

లోపల్నుంచి వాడి భార్య భోజనానికి పిలిచింది. నేను లేచి చెప్పులేసుకున్నాను. ఆ ఉద్యోగం నాదని వాడికి తెలియదనుకునే ఇన్నేళ్లూ వాణ్ణి క్షమించాను.