పెన్సిల్ కింద పెట్టని చెయ్యి

నా జీవితంలోకెల్లా లాభసాటి బేరం ఒకటి చెబుతాను. నా సొంత నియమాన్ని నేనే మామూలు ఫీజుకు ఒకటిన్నర రెట్లకు అమ్ముకున్నాను. కొన్నావిడ మారుమాట లేకుండా ఒప్పుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. గీచి గీచి అడగకుండా తెగిన బేరంలో మోసపోయేది అమ్మినవాడేనని, పురానాపూల్ దగ్గరి మా గిన్నెల దుకాణంలో కూర్చుని నాన్న రోజూ చెప్పేవాడు.

దయ్యాల మాట ముందే తేల్చేస్తాను. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే "పట్టుకరా, తూకమేద్దాం" అనే ఇంట్లో పెరిగాను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

జహనుమాలో మా ఇంటి పైగది నుంచి పిల్లలకు ఆన్‌లైన్‌లో డ్రాయింగ్ నేర్పుతాను. క్లాసుకు ఒక్కరే. ఫోనును స్టాండుకు బిగించి, కెమెరా కిందికి చూసేలా పెడతాను. పిల్లలకు నా ముఖం కనిపించదు. కాగితం, దాని మీద కదిలే నా కుడిచెయ్యి, అంతే. నేనొక గీత గీస్తే వాళ్లొక గీత గీస్తారు. నా చెయ్యి కదులుతున్నంతసేపు ఎవరూ లేవకూడదు. నేను పెన్సిల్ కింద పెట్టాకే మంచినీళ్లయినా, బాత్రూమైనా.

నేను అమ్ముకున్నది ఈ కట్టుబాటును కాదు. క్లాసు జరిగేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లొకరు ఉండాలన్న నియమాన్ని.

లావణ్యగారిది కాకినాడ వైపు. ఆఫీసు ఉద్యోగం. సంతోష్‌నగర్‌లో ఫ్లాటు. భర్త పని మీద వేరే ఊళ్లో ఉంటారు. కూతురు నిహిరకు ఎనిమిదేళ్లు. బడి నుంచి వచ్చాక తల్లి వచ్చేదాకా ఒక్కతే.

"మీ క్లాసు ఉంటే నాకు కాస్త నిశ్చింతండీ. కదలకుండా కూర్చుంటుంది," అన్నారు ఆవిడ.

"పెద్దవాళ్లు లేకుంటే కష్టం మేడం," అన్నాను, ధర పెంచడానికి వాడే గొంతుతో. ఆవిడ పెంచారు. నేను కరిగాను.

ఇంకో ఘనకార్యం ఆ ఫోను. బ్యాటరీ చచ్చింది కాబట్టి సగం ధరకు వచ్చింది. ఛార్జర్‌లో ఉన్నంతసేపే బతికేది. ఎలాగూ గోడ పక్కనే ఉంటుంది కదా అని తెలివిగా కొన్నాను. నాకున్నది ఆ ఒక్క ఫోనే.

ఆ మధ్యాహ్నం కూజా వేస్తున్నాం. మెడ గీశాను. కూజా పొట్ట మొదలుపెట్టబోతుంటే నిహిర గొంతు వినిపించింది.

"మిస్, కిచెన్లోంచి గ్యాస్ వాసనొస్తోంది. లైటేసి చూసొస్తా."

వద్దు అనడానికి నోరు తెరిచాను. కరెంటు పోయింది. ఫోను ఆరిపోయింది.

గ్యాస్ నిండిన వంటింట్లో లైటు స్విచ్ నొక్కితే ఏమవుతుందో తెలియనిదాన్ని కాదు. నంబర్లన్నీ ఆ చచ్చిన ఫోనులో ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాదు. మొదటి నెల ఫీజు చేతికి తీసుకోవడానికి వెళ్లాను కాబట్టి వాళ్ల ఇల్లు మాత్రం తెలుసు. చెప్పుల్లేకుండా మెట్లు దిగి ఆటో ఎక్కాను.

"సంతోష్‌నగర్ పోనీ భాయ్, జల్దీ! ఎంతైనా ఇస్తా!"

అతను వెనక్కి తిరిగి చూశాడు. "ఏమైందక్కా? ఎవలకన్న సీరియస్సా? కిరాయి అడగకుండ ఎక్కినవ్, నాకే భయమైతుంది."

అతని ఫోను తీసుకుని ఫైర్ వాళ్లకు చెప్పాను. బయలుదేరుతున్నామన్నారు. చాంద్రాయణగుట్ట దగ్గర బండ్లు కదల్లేదు. సంతోష్‌నగర్ వైపు ఆకాశంలో పొగ లేస్తోందా అని మెడ చాచి చూస్తూ కూర్చున్నాను. దేవుడితో బేరం పెట్టాను కూడా. ఆయన ధర చెప్పలేదు.

అపార్ట్‌మెంట్ నిలబడే ఉంది. వాచ్‌మన్ యాదయ్యను లాక్కుని పైకి పరుగెత్తాను. వాసన మెట్ల మీదికే వచ్చేసింది. అతని వేలు కాలింగ్ బెల్ మీదికి పోతుంటే పట్టుకుని గుంజాను. ఇద్దరం తలుపు బాదాం.

"ఓ బిడ్డా, తలుపు తియ్! నేను యాదయ్యను!"

లోపలి నుంచి నిహిర, కొంచెం విసుగ్గా అంది: "ఉండండి అంకుల్. మిస్ ఇంకా పెన్సిల్ కింద పెట్టలేదు."

నా రెండు చేతులూ తలుపు మీద ఉన్నాయి. యాదయ్య నా వైపు చూశాడు.

"నిహిరా, నేనేనమ్మా. మిస్‌ని," అన్నాను.

తర్వాత "ఆఁ, పెట్టేశారు" అని వినిపించింది. గొళ్లెం తీసింది. నన్ను చూసి, వెనక్కి తిరిగి గదిలోకి చూసి, మళ్లీ నన్ను చూసింది.

"మీరిప్పటిదాకా అక్కడున్నారుగా!"

పిల్లను కిందికి లాక్కెళ్లాను. యాదయ్య ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, లైటు వేయకుండానే సిలిండర్ కట్టేసి కిటికీలు తెరిచాడు. పొయ్యి గొట్టం చీలి ఉందట. "ఈ పోరి స్విచ్ ఏసుంటేనా, మనం గిట్ల మాట్లాడేటోళ్లం కాదు మేడం," అన్నాడు.

ఫైర్ వాళ్లు వచ్చి చూసి, ఇక భయం లేదన్నాక లోపలికి వెళ్లాం. నిహిర టాబ్లెట్‌లో మా క్లాసు కరెంటు పోయినప్పుడే ముగిసినట్టు ఉంది. మా వీధికి కరెంటు నేను ఇల్లు చేరాక గానీ రాలేదు. మా పైగదిలో స్టాండు కింద నా కాగితం మీద కూజా మెడ మాత్రమే ఉంది.

నిహిర కాగితం మీద నిండు కూజా ఉంది. పక్కన గ్లాసు. రెంటికీ నేల మీద నీడలు. నీడలు వేయడం నేనింకా ఆ పిల్లకు నేర్పలేదు. నీడకు వేసే ఏటవాలు గీతల్లో గీసింది ఏ చెయ్యో తెలిసిపోతుంది. కుడిచేతివాళ్ల గీతలు కుడివైపుకు వాలతాయి, ఎడమచేతివాళ్లవి ఎడమవైపుకు. ఆ కాగితం మీద ప్రతి గీతా ఎడమవైపుకే వాలింది. నిహిరది కుడిచేతి వాటం. నాదీ అంతే.

"మీకు రెండో చేత్తో కూడా వచ్చా మిస్?" అని తనే అడిగింది. "నేను లేవబోతుంటే చెయ్యి మార్చి గబగబా గీశారు. అందుకే కూర్చున్నా."

భయంతో బిగుసుకుపోయిన పిల్ల ఏదో ఊహించుకుని గీసిందని నాకు నేను నచ్చజెప్పుకుంటాను. ఆ నీడల దగ్గరికి వచ్చేసరికి వాదన నిలవదు.

లావణ్యగారు వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. "మీరు కూర్చోబెట్టబట్టే బతికిందండీ," అన్నారు. నేను కాదనలేదు. కాదంటే తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు.

ఇక లెక్క. ఆటో అతను మామూలు కిరాయే అడిగాడు, ఇచ్చాను. కొత్త ఫోను కొన్నాను, చెప్పిన ధరకే. పెద్దవాళ్లు లేని ఇళ్ల క్లాసులు మానేశాను, రాబడి తగ్గింది. నెలాఖరున లావణ్యగారు ఏమీ తగ్గించకుండా ఫీజు పంపారు, తీసుకున్నాను. కానీ ఆ రోజు నేను చెప్పింది కూజా మెడ వరకే. మిగతా క్లాసు చెప్పినవారి వాటా విడిగా తీసి పెట్టాను. అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.