కాటా ఎక్కించిన డాక్టరమ్మ

ఆత్మకూరు స్త్రీవైద్యురాలు డాక్టర్ ఖాదర్‌బీ గారు మొన్న శుక్రవారం హఠాత్తుగా కన్నుమూశారన్న వార్త విని నిశ్చేష్టుడనయ్యాను. వెనువెంటనే ఆగ్రహం కలిగింది. ఈ మహనీయురాలినే కదా మనవారు ‘ఆడోళ్లను ఎండగట్టే డాక్టరు’ అని ఏళ్లతరబడి ఎగతాళి చేసింది!

మా వర్తక కుటుంబాలలో ముట్లుడిగిన ఇల్లాలికి వంటింటి పెత్తనం, కూర్చున్నచోటికే సమస్త సేవలు దక్కుతాయి. ఆమె స్థూలకాయం ఇంటి ఐశ్వర్యానికి చిహ్నం. తూచితే దిష్టి! ఏళ్ల కిందట ఉదయగిరిలో మా అక్కయ్య సుబ్బమ్మ ఆ ఐశ్వర్యానికే బలి కాబోయింది. అంగడిదాకా నడిస్తే పిక్కలు పట్టేసేవి, రక్తపోటు మితిమీరింది.

వారానికొకమారు ఉదయగిరి వచ్చే ఖాదర్‌బీ గారు ఆమెను మా అంగట్లోని బస్తాల కాటా వద్దకు నడిపించారు.

“నేనేమన్నా మిరపకాయల బస్తానా తల్లీ? దిష్టి తగులుతాది!”

“ముందు నేనెక్కతా సుబ్బమ్మక్కా. ఆ దిష్టేందో నాకే తగలనీ.”

అని తానే ఎక్కారు. బజారంతా నవ్వింది. అక్కయ్యా నవ్వుతూ ఎక్కింది.

“ముట్లు ఆగినాక రక్తనాళాలకుండే కాపు తగ్గతాది. అప్పుడు నడుంచుట్టూ కొవ్వు పేరితే నాళాలు బిరుసెక్కతాయి, గుండెకు చాకిరీ ఎక్కువైతాది. మాత్రలిస్తా, నడక మాత్రం నువ్వే నడవాల” అన్నారు.

బావగారు భగ్గుమన్నారు. “మా ఆడమనిషి రోడ్డున నడిస్తే దివాలా తీసినామనుకోరా?”

“ఆమె మంచాన పడితే మీ గల్లాపెట్టె లేచి వండిపెడతాదా శెట్టిగారూ?”

మరునాటి ప్రాతఃకాలం నుండే అక్కయ్య నడక! వేపుళ్లు, ఊరగాయలు తగ్గాయి. వారం వారం రక్తపోటు నేనే రాసి ఉంచాను. అది మెల్లగా దిగివచ్చింది. పిక్కల నొప్పి సడలింది. క్రమంగా శెట్లిళ్ల ఇల్లాళ్లూ, డ్రైవర్ల ఇళ్ల బీబీలూ అక్కయ్య వెంట కొండదారి పట్టారు. ఎగతాళి చేసిన పెద్దమనుషులే తమ భార్యలను కాటా వద్దకు తీసుకొని రాసాగారు!

అంత్యదర్శనానికి అక్కయ్యతో ఆత్మకూరు వెళ్లి, బస్టాండులో రిక్షా పిలవబోయాను.

“రిచ్చా ఏందిరా? ఆ తల్లి ఇంటికి బండెక్కి పోతామా?” అని కసిరి, డెబ్బై దాటిన ఆమె చరచరా ముందుకు సాగింది. ఒకనాడు ఆ డాక్టరమ్మే నడక నేర్పిన స్త్రీలు వింజమూరు బస్సు దిగి ఆమెతో కలిశారు. తోవలో ఒక్కరైనా ఆగలేదు. వారిని అందుకోలేక నేనే వెనుకబడ్డాను.

అటువంటి వైద్యురాలు ఈ పడమటి సీమకు మరల లభించదు. కానీ ఆ తల్లి గెలిచింది. ఆమె వాకిట నిలిచి కన్నీరు పెట్టిన ఆ స్త్రీలలో ఒక్కరికీ ఆయాసం లేదు.