పై అర ఇత్తడి

ఎక్కడో పరాయి దేశంలో, కొన్ని బ్యాంకులకు యజమాని అయిన ఒక పెద్ద కంపెనీ ఉంది. అది మూడు నెలలకోసారి మధ్యంతర లెక్కలు విడుదల చేస్తుంది. ఏ ఆస్తికి ఏ పద్ధతిలో విలువ కట్టారో చెప్పే పేజీలు బషీర్‌బాగ్‌లోని మా ఆఫీసులో తయారవుతాయి. వాటిలో ఒక నియమం ఉంది. గడువు తీరేదాకా ఉంచుకునే ఉద్దేశంతో కొన్న బాండ్లకు లెక్కల్లో బజారు ధర వేయరు. కాని వాటిలో ఒక్కదాన్ని మధ్యలో అమ్మినా మిగతావాటిని ఉంచుకుంటారన్న నమ్మకం పోతుంది. అన్నింటినీ ఆనాటి బజారు రేటుకే రాయాల్సి రావచ్చు.

చిక్కడపల్లిలో మా నాన్నకు సొంత స్టీలు సామాన్ల దుకాణం. నేను పెరిగింది బేరాల మధ్యే. నారాయణగూడ మార్కెట్లో కొత్తిమీర కట్టకు కూడా ఇద్దరితో తగువు పెట్టుకోందే ఇంటికి రాను. అదే నేను, ఉద్యోగంలో చేరిన రోజు వాళ్లు చెప్పిన జీతానికి మొదటి మాటకే తలూపి మా ఇంటి పరువు తీశాను.

దుకాణంలో పై అర నిండా ఇత్తడి ఉండేది: గంగాళం, కాగులు, బిందెలు. ఎవరు రేటడిగినా నాన్న తల ఎత్తకుండానే, "అవి అమ్మేటియి కావమ్మా, మా నాయన కొన్నయి" అనేవాడు. వాళ్లు మారు మాట్లాడకుండా స్టీలు గిన్నెల వైపు తిరిగేవారు.

పోయిన ఏడాది మోకాళ్ల నొప్పితో నాన్న నిచ్చెన ఎక్కలేకపోయాడు. కొనేవాళ్లు ఫోన్లలోనే కొనుక్కుంటున్నారు. అప్పుడే ఒక హోటలాయన, వాకిట్లో నీళ్లు పోసి పూలు వేసేందుకు గంగాళం కావాలని వచ్చాడు. నాన్న ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం పై అరలో ఖాళీ చోటు చూసి అడిగాను. "ఏంది నాన్నా, ఒక్కటమ్మితే ఇగ అన్నీ అడుగుతరు."

"ఒక్కటే గద బిడ్డా. తుడిచే పని తప్పింది."

"నన్నెందుకు పిలువలే? వాన్ని ఏడిపించి డబుల్ తెచ్చేదాన్ని!"

"అందుకే పిలువలే. నీ నోటికి వాడు పారిపోయేటోడు."

ఇద్దరం నవ్వాం. ఇంటికొచ్చాక గాని ఆ మాట గుచ్చుకోలేదు. అతను పారిపోకూడదనే నాన్న కోరుకున్నాడు.

తర్వాత పక్క దుకాణం ఆమె కాగు అడిగింది. "హోటలాయనకిస్తివి, నాకియ్యవా అన్నా? నేను పరాయిదాన్నా?" నాన్న కాగు దింపించి ఇచ్చాడు. కాగుల వెనకే బిందెలూ పోయాయి.

పై అర ఖాళీ అయ్యేసరికి, ఇన్నేళ్లలో మా గడప తొక్కని బ్రోకరు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "దుకాణం తీసేస్తున్నరంట గదా అన్నా! విద్యానగర్ పార్టీ ఒకటున్నది. ఇక్కడ పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం పెడతడట. జర ఆలోచించుండ్రి."

నేను లేచాను. రేటు ఆకాశంలో పెట్టి అతన్ని అటునుంచి అటే పంపాలని నోరు తెరిచాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నువ్వాగు బిడ్డా."

తర్వాత నా వైపు చూడకుండా, పక్కవాళ్లకు వినపడుతుందేమోనన్నట్టు గొంతు తగ్గించి బ్రోకరును అడిగాడు.

"ఈ లైన్‌ల దుకాణాలకు ఇప్పుడు రేటెంత నడుస్తున్నది?"