గడి ముందు దిగిన గాలి

ఇది కల్లు మీద చెప్తున్న మాట కాదు. ఆ రాత్రి తాగడానికి నాకు తీరికే దొరకలేదు. జనగామలో సైకిల్ పంచర్లు వేసేవాణ్ణి నేను. దయ్యాలను నమ్మను. ముళ్లను నమ్ముతాను.

దొరల మీద రైతుల సంఘం లేచి, మా ఊరి దొర కోటలాంటి తన గడికి తాళం వేసి పట్నం పారిపోయిన ఏడాది అది. దేవరుప్పుల దగ్గర మా ఊళ్లో అక్కకు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని కబురొచ్చింది. దవాఖాన కంపౌండర్ సాబును క్యారియర్ మీద ఎక్కించుకుని బయల్దేరాను. ఆయన బరువుకు టైరు ఎక్కడైనా పగలొచ్చు. దారంతా పగల్లేదు. సరిగ్గా గడి గోడ మొదలైన చోట... సుయ్‌మని... గాలి దిగిపోయింది.

ఆ గోడ పొడుగునా ఎవరూ సైకిలెక్కి పోరాదు. దిగి, చెప్పులు చంకలో పెట్టుకుని, నెట్టుకుంటూ పోవాలి. అది దొర ఉన్నప్పటి ముచ్చట. ఇప్పుడు గడిలో ఉన్నవి గబ్బిలాలు. వాటికి అంత పట్టింపు లేదు.

టైరు విప్పాను. కంపౌండర్ సాబు లాంతరు పట్టుకున్నాడు. లోపలంతా వేలితో తడిమాను... ముల్లు లేదు. చక్రపు పుల్ల మొన పైకి రాలేదు. ట్యూబుకు గాలి కొట్టి, గోడ పక్కనున్న పశువుల తొట్టిలో ముంచాను. ఒక్క బుడగ రాలేదు. గాలిని పట్టి ఉంచే వాల్ రబ్బరు కొత్తది, నేనే వేశాను. నాకు తెలిసిన కారణాలు అక్కడితో అయిపోయాయి.

బిగించి, గాలి కొట్టి, ఎక్కాం. నాలుగు తొక్కులు... సుయ్.

గోడ అయిపోయాక వచ్చే ఊళ్లోంచి అక్క అరుపు వినిపిస్తోంది.

"దిగు పిలగా," అన్నాడు కంపౌండర్ సాబు. ఆయన చెప్పులు అప్పుడే విప్పుతున్నాడు.

"దొర పట్నంల ఉన్నడు సాబ్. ఈడ ఎవలున్నరు?"

"ఎవలు లేరు. నువ్వు దిగు."

దిగాను. చెప్పులూ విప్పాను... ఇసుకలో నడవడం సులువని. గోడ ఎంతకీ అయిపోదు. రిమ్ము ఇసుకలోని రాళ్లకు తగిలి కటకటమంటోంది. కట... కట... తర్వాత ఆ చప్పుడు లేదు. ఎక్కడ ఆగిందో చెప్పలేను. గోడ చివర నిలబడి టైరు నొక్కాను. బొటనవేలు దిగలేదు. రాయిలా ఉంది. పంపు సైకిల్ బారుకే కట్టి ఉంది, నేను వేసిన ముడితోనే.

కంపౌండర్ సాబు చెప్పులు తొడుక్కుని క్యారియర్ మీద కూర్చున్నాడు. ఎక్కి తొక్కాను.

ఇంట్లో ఆయన ఏం చేశాడో చూడలేదు. గడప బయట కూర్చుని టైరును చూస్తున్నాను. తెల్లవారేసరికి అక్క బతికింది, బిడ్డా బతికింది. పొద్దున మళ్లీ అంతా విప్పి చూశాను. చలికి వాల్ రబ్బరు బిగుసుకుందేమో అనుకుందామంటే, అది ఎండాకాలం. పైగా గాలి పోవడానికి కారణం దొరికినా, రావడానికి ఏం చెప్పను?

మధ్యాహ్నం ఆయన్ని దింపడానికి అదే దారిన వచ్చాం. పట్టపగలు. గడి ముందు మళ్లీ గాలి దిగేదో లేదో... నాకు తెలియదు. గోడ రాకముందే నేను దిగిపోయాను. చెయిన్ చూసుకోవాలి సాబ్ అన్నాను.

ఆయన చెప్పులు అప్పటికే చంకలో ఉన్నాయి.